చంద్రన్న గ్లైడరూ, మణుగు రాయీ

మా అమ్మ పోయి మూడు నెలలైంది. ఇక నేను నోరు తెరవొచ్చు. తెరవడం నాకు కష్టం కాదని, మూయడమే చేతకాదని మా ఇంటాయన మొదలుకొని వీధి చివర ఇస్త్రీ బండి అతని దాకా అందరూ ఒప్పుకుంటారు. అలాంటి నేను ఒక్క సంగతిని ముప్పై ఏళ్లకు పైగా కడుపులో దాచుకున్నాను. నా జుట్టు నెరిసింది వయసువల్ల కాదు, ఆ సంగతి బరువువల్లనే. మా అమ్మకు చదువు రాదు, నిజమే. కానీ నేను రాసింది తీసుకుపోయి ఆమె మంచం పక్కన కూర్చొని గొంతెత్తి చదివి వినిపించే పుణ్యాత్ములు నంద్యాలలో ఇంటికి నలుగురున్నారు. అందుకని ఆగాను. మా అన్న చంద్రన్న విమానాలు నడిపేవాడు కావలసింది, ఎందుకు కాలేదో ఆ కథ ఇది.

చంద్రన్న నాకంటే ఐదేళ్లు పెద్ద. కాలేజీలో కవాతు చేసేవాళ్లలో మంచివాళ్లను ఏరి బొంబాయి వైపు ఒక కొండ ఊరికి గ్లైడర్లు నేర్చుకోవడానికి పంపితే, వాళ్లలో వీడూ పోయాడు. రెండు ఎండాకాలాలు అక్కడున్నాడు. గ్లైడరంటే ఇంజను లేని చిన్న విమానం. తాడు కట్టి లాగితే లేస్తుంది, తాడు వదిలేస్తే గాలిమీద తేలుతుంది. అక్కణ్ణుంచి వచ్చేటప్పుడు ఒక ట్రంకుపెట్టె నిండా నీలం కాగితాల మీద గీసిన బొమ్మలు తెచ్చాడు. వాటిని పడసాలలో పరిచి, "ఇది మనింట్లోనే చేస్తాండా నాయనా" అన్నాడు. మా నాయన నశ్యం పట్టు మధ్యలో ఆపేసి ఆ కాగితాల చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఇంజను ల్యా, ఎద్దుల్ల్యా. ఎట్ల పోతాదప్పా ఇది?"

"గాలి మోస్తాది నాయనా."

"గాలికి మేతేం పెడతావ్?"

అంతకు మించి మా నాయన అడ్డు చెప్పలేదు. పత్తి తప్ప ఇంకేదీ పట్టని మనిషి, ఆ ఏడు పత్తి దిగుబడి బాగుండడంతో ఇంట్లో ఎవరేం చేసినా చూసీ చూడనట్టు పోతున్నాడు. ఆ ఆర్నెల్లలో మా ఇల్లు ఇల్లు కాదు. రెక్కలు ఎంత పొడవంటే, ఎడమ రెక్క కొస మా పడసాలలో ఉంటే కుడి రెక్క కొస పది మైళ్ల అవతలి పాణ్యంలో ఉండేది. సరే, పాణ్యం కాదు, పక్కింటివాళ్ల పశువుల కొట్టంలో. వాళ్ల బర్రె ఆ కొసను మూడుసార్లు నాకింది. చెక్క ముక్కలు అతికే జిగురు కోసం వెన్న తీసిన పాలు విరగ్గొట్టి, విరుగుడు కడిగి, ఆరబెట్టి, పొడి కొట్టి, సున్నంతో కలపాలి. మా అమ్మ పెరుగు కోసం దాచుకున్న పాలన్నీ అట్లా విమానానికే పోయేవి. పుల్లటి మజ్జిగ, తడి సున్నం, అప్పుడే చీల్చిన చెక్క, ఈ మూడూ కలిసిన వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు పదిహేడేళ్లు వస్తాయి. మోకాళ్ల నొప్పి మాత్రం యాభైలోనే ఉంటుంది.

రెక్కలకు బట్ట కుట్టింది నేను. స్కూలు ఫైనలు పాసై, సంబంధాలు చూస్తున్నారన్న పేరుతో ఇంట్లో ఊరికే కూర్చున్నదాన్ని. అమ్మ చేతిమిషను మీద సన్నటి మల్లుగుడ్డ బారలు బారలుగా కుట్టాను. చంద్రన్న స్కేలు పట్టుకొని నా వెనక నిలబడి అంగుళానికి ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టేవాడు. ఒక కుట్టు తక్కువైతే మొత్తం విప్పించేవాడు. "పాపా, నీ చీర చినిగితే ఇంకోటి కట్టుకుంటావు. ఈ బట్ట చినిగేది ఆకాశంలో" అనేవాడు. కుట్టిన గుడ్డను చట్రానికి బిగించి గోళ్లరంగు వాసన వేసే వార్నీషు పూస్తే, అది ఆరేకొద్దీ ముడతలు పోయి డోలు తోలులాగా బిగుసుకునేది. వేలితో కొడితే మోగేది. మా అమ్మ ఆ చప్పుడు విన్నప్పుడల్లా వంటింట్లోంచి తొంగి చూసి, "దాన్ని వాయించద్దు మే, పెండ్లికి పిలుస్తాండారనుకుంటారు" అనేది.

మా అమ్మకు భయం. ఆ భయాన్ని ఆమె ఒక్కమాటగా ఎప్పుడూ అనలేదు. చంద్రన్న అన్నం తింటూ తింటూ ముద్ద చేతిలో పట్టుకొని వాకిట్లోకి పోయి, రేగడి చేలమీద గుండ్రంగా తిరిగే గద్దలను చూసేవాడు. నల్లనేల ఎండకు కాలి, వేడిగాలి పైకి లేస్తుందట. గద్ద దాన్ని కనిపెట్టి అందులో తిరుగుతుందట, రెక్క ఆడించకుండా. "చూడుమా, ఒక్కసారన్నా కొట్టిందా రెక్క?" అని అడిగేవాడు. అమ్మ గద్దను చూసేది కాదు, వాడి చేతిలో ఎండిపోతున్న ముద్దను చూసేది.

అంతా అయ్యాక తేలిందేమంటే, గ్లైడరుకు తోక బరువెక్కువ. ముక్కు దగ్గర ఒక చిన్న డబ్బా ఉంది, అందులో సరిగ్గా ఒక మణుగు, ఇప్పటి లెక్కలో పన్నెండు కిలోల దాకా, బరువుండాలి. ఇసుక మూట పెడితే అటూ ఇటూ జరుగుతుంది, అంత చోటులో పట్టే ఇనుము దొరకలేదు. రాయైతే కదలదు అన్నాడు చంద్రన్న. బరువు ముందే ఎందుకని మా నాయన అడిగితే, "బండికి ఎనక బస్తాలెక్కువైతే ఏమైతాది నాయనా?" అని ఎదురు అడిగాడు. "కాడి లేస్తాది. ఎద్దులకు ఉరి పడ్తాది" అన్నాడు నాయన. "ఇదీ అంతే." ఆ మాట నేను విన్నాను. విన్నానని ఇక్కడే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే తర్వాత నాకు తప్పించుకోవడానికి దారి ఉండకూడదు.

రాయి కోసం ఆళ్లగడ్డ పోయాము. రాతి విగ్రహాలు చెక్కే ఊరది, మా మేనత్త కూడా అక్కడే ఉండేది. ఊళ్లో ఎటు చూసినా సగం పుట్టిన దేవుళ్లు. ముక్కు వచ్చి నోరు రానివాళ్లు, చేతులొచ్చి ఆయుధాలు రానివాళ్లు ఎండలో వరసగా నిలబడి ఉండేవాళ్లు. ఓబులాచారి అనే ముసలి శిల్పికి చంద్రన్న కొలతలిచ్చి మణుగు తూగే రాయి చెక్కిమ్మన్నాడు. వారం తర్వాత పోతే ఆయన గోనెపట్టా తీసి చూపించాడు. గద ఎత్తిన ఆంజనేయస్వామి, సరిగ్గా డబ్బాలో పట్టేటట్టు మోకాళ్లు ముడుచుకొని.

"వట్టి రాయే గద ఆచారీ నేనడిగింది?"

"వట్టి రాయిచ్చేదానికి నేనేమన్నా గనిలో కూలోన్నా నాయనా? నా చేతిలో పడితే అది ఏదో ఒకటి కావాల్సిందే."

"దేవుడు నా కాళ్లకాడ ఉంటాడే."

"ఇంగా దేవుడు కాదులే. కండ్లు చూడు." నిజమే, కళ్ల చోట నున్నగా ఉంది. "మేము కండ్లు ఆఖర్న తెరుస్తాం. అంతదాకా రాయే. కాలు పెట్టుకో, కూసో, నీ ఇష్టం." ఆయన తూకం వేసి చూపించాడు. గురిగింజంత తేడా లేదు.

మా మేనత్తవాళ్ల జొన్న కోసిన చేను ఆళ్లగడ్డకు దగ్గర్లో, మోకాలెత్తు గట్టుకూడా అడ్డంలేని నల్ల మైదానం. గ్లైడరును విడగొట్టి లారీలో అక్కడికి చేర్చాము. తెలిసినవాళ్ల జీపుకు మోకు కట్టి లాగితే చంద్రన్న మొదటిరోజే వేపచెట్టెత్తు లేచి, మెత్తగా దిగాడు. రెండోరోజు తాటిచెట్టెత్తు. మూడోరోజు నేను ఏడ్చి, అన్నం మానేసి, నేను కుట్టిన రెక్కలు నేను విప్పేసుకుంటానని బెదిరించి, ఒక్కదాన్నే ఎక్కాను. ఆ కాలంలో పెళ్లికాని ఆడపిల్లను అట్లా ఎక్కించడానికి మా అన్నకున్నంత ధైర్యం నాకు తెలిసిన మగవాళ్లలో ఇంకెవరికీ లేదు. నా బరువు తక్కువని నా కాళ్ల ముందు ఒక ఇసుక మూట కూడా వేసి కట్టాడు. జీపు వద్దని, ఇరవై మంది కూలీలను తాడు పట్టుకొని పరిగెత్తమన్నాడు. నేను ఎంతెత్తు లేచానని అడిగితే, మా పిల్లలకు మేడంత అని చెప్పాను, మా ఇంటాయనకు గోడంత అని చెప్పాను. మీకు నిజం చెబుతాను. జానెడు. కానీ ఆ జానెడులో ఏం జరిగిందో చెప్పాలి. గ్లైడరు అడుగు చెక్క నేలమీద గరగరలాడుతూ, పళ్లు కదిలిపోతాయేమో అన్నట్టు ఊపేస్తూ ఉన్నది కాస్తా, ఉన్నట్టుండి ఆగిపోయింది. చప్పుడు లేదు. కుదుపు లేదు. నేను కుట్టిన బట్ట మీద గాలి రాసుకుపోతున్న సన్నటి ధ్వని మాత్రం చెవులకు వినిపించింది. తర్వాత మళ్లీ గరగర. ఆ తర్వాత నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు, పుస్తకాలు అచ్చయ్యాయి, సన్మానాలకు శాలువాలు కప్పారు. ఆ నిశ్శబ్దం మాత్రం మళ్లీ రాలేదు.

చంద్రన్నకు నేర్పిన జోషీ సారు పూనావైపు మనిషి. మాటలు తక్కువ, మీసం ఎక్కువ. ఆయనకు ఒక సహాయకుడు కావాలి. ఆ సహాయకుణ్ణే మరుసటి ఏడు ఇంజను విమానం నేర్చుకోడానికి పంపుతారు. పంపేది ఒక్కణ్ణే. తన చేత్తో చేసిన గ్లైడరును చంద్రన్న ఎట్లా నడుపుతాడో కళ్లతో చూసి తేలుస్తానని ఉత్తరం రాసి, రైలెక్కి నంద్యాల వచ్చి, అక్కణ్ణుంచి ఆళ్లగడ్డ చేరాడు. చంద్రన్న అన్నేళ్లూ దేనికోసం గద్దలను చూశాడో అదంతా ఆ ఒక్క పొద్దుటికి వచ్చి నిలిచింది.

ఆ పొద్దున సారు మేనత్త ఇంట్లో ఉప్మా తింటున్నాడు. చంద్రన్న జీపు చూసుకోడానికి పోయాడు. చేలో గ్లైడరు దగ్గర నేనూ, ముందురోజే నంద్యాల నుంచి వచ్చిన అమ్మా. అమ్మ పళ్లెంలో పసుపు, కుంకుమ, టెంకాయ, బంతిపూల దండలు తెచ్చింది. కొత్త బండికి పూజ చేయకుండా ఎవరు కదిలిస్తారు? ముక్కు డబ్బా మూత తీసి స్వామికి బొట్టు పెట్టింది. కాసేపు చూసింది.

"కండ్లు ల్యావే మే."

"ఆచారి తెరవలేదంటమా. అందుకే కాళ్లకాడ పెట్టినారు."

"కండ్లు లేని దేవుడు నా కొడుకునెట్ల చూస్తాడు?" అంటూ కొంగుముడి లోంచి కాటుకడబ్బా తీసి, వేలితో రెండు కళ్లు పెట్టింది. పెట్టిన మరుక్షణం ఆమె ముఖం మారిపోయింది. ఇప్పుడది దేవుడు. దేవుడు తన కొడుకు చెప్పుకాళ్ల కింద ఉన్నాడు.

"పట్టు మే. నెత్తిమీదికి మార్చల్ల."

"అన్నను అడుగుదాం మా."

"అడిగితే వద్దంటాడు. బరువే గదా వానికి కావాల్సింది. యాడుంటే ఏం? పట్టు. వాడు దిగొచ్చేదాకా చెప్పనని నామీద ఒట్టెయ్."

వేశాను. పట్టాను. ఇద్దరం కలిసి మణుగు స్వామిని మోసి, సీటు వెనక, వాడి తల వచ్చే చోటుకు పైన, చట్రానికి తాళ్లతో కట్టాము. నేను గట్టిగా ముడులు వేశాను, ముడులు వేయడం నాకు బాగా వచ్చు. అమ్మ ఖాళీ డబ్బాకు మూత పెట్టి, దానిమీద దండ వేసి, ముందర టెంకాయ కొట్టింది. వెనకనున్న స్వామిని కొత్త పంచె కప్పి దాచింది. బండి కాడి లేవడం గురించి నాయన అన్నమాట నాకు ఆ క్షణంలో గుర్తు రాలేదా అంటే, వచ్చింది. ఇసుక మూట కూడా గుర్తొచ్చింది. కానీ అమ్మ ముఖంలో ఆర్నెల్లుగా లేని నెమ్మది ఆరోజే మొదటిసారి కనిపించింది. దాన్ని చెడగొట్టడం నా చేత కాలేదు.

ఎక్కేముందు ఒక్కో భాగం మీద చెయ్యి పెట్టి, పైకి చెప్పి, సరిచూసుకోవడం చంద్రన్నకు నేర్పిన పద్ధతి. "రెక్క, ఉంది. తోక, ఉంది. తాడు, ఉంది." ముక్కు డబ్బా దగ్గరికి వచ్చాడు. మూత తీయాలంటే దండ తీయాలి. పక్కన అమ్మ చేతులు జోడించి నిలబడి ఉంది. వాడు అమ్మను చూసి నవ్వి, దండమీదే అరచెయ్యి పెట్టి, "బరువు, ఉంది" అన్నాడు. నేను ఏమీ అనలేదు.

జీపు లాగింది. గ్లైడరు ఎప్పటికంటే ముందే నేల వదిలింది, చుట్టూ చేరిన జనం అరిచారు. ముక్కు లేచింది. ఇంకా లేచింది. బెదిరిన గిత్త ముందుకాళ్లెత్తినట్టు నిటారుగా లేచి, తాటిచెట్టెత్తులో ఒక్క క్షణం ఆకాశానికి కొట్టిన మేకులాగా ఆగిపోయింది. తర్వాత ఎడమ రెక్క వాలి, అట్లాగే పక్కకు పడింది. ఇందులో నేను అంగుళం కూడా పెంచలేదు. పెంచే శక్తి నాకు ఈ ఒక్కచోట లేదు.

వాడి కుడికాలు తొడ దగ్గర విరిగింది. ప్రాణముంది, తెలివుంది. చట్రం పుల్లలైపోయినా స్వామి మాత్రం నా ముడుల్లో చెక్కుచెదరకుండా, వాడి తల పక్కన, కాటుక కళ్లతో ఉన్నాడు. అమ్మ పరిగెత్తుకొచ్చి ముందు వాణ్ణి చూసింది, తర్వాత స్వామిని చూసింది, నేలమీద సాగిలపడింది. "నెత్తిన నిలబడి కాపాడినావు సామీ" అంది. జోషీ సారు కూడా స్వామిని చూశాడు. చూసి, ముందుకు పోయి దండ తొలగించి ఖాళీ డబ్బా చూశాడు. వచ్చి చంద్రన్న పక్కన గొంతుక్కూర్చొని ఇంగ్లీషులో అడిగాడు, ఈ బరువు వెనక్కి ఎవరు మార్చారని. నేను స్కూలు ఫైనలు ఇంగ్లీషుతో నోరు తెరిచాను. చంద్రన్న నావైపు చూసి, తల అడ్డంగా ఒక్కసారి ఊపాడు.

"నేనే సార్" అన్నాడు ఇంగ్లీషులోనే. "ఇంకొంచెం తొందరగా లేస్తుందనుకున్నాను."

 మనిషి నొప్పిలో ఉన్నాడని సారు గొంతు తగ్గించి, ఎవరికీ చెప్పకుండా బరువులు మార్చేవాడి చేతికి నేను పిల్లలను అప్పగించలేను, అన్నాడు. అమ్మ నన్ను గిల్లి అడిగింది, "ఏమంటాండాడు మే ఆయప్ప?" "బేగ ఆస్పత్రికి తీసుకపోండి అంటాండాడు" అన్నాను. నా జీవితంలో నేను చేసిన మొదటి అనువాదం అది.

నంద్యాల ఆసుపత్రిలో అమ్మ లేనప్పుడు అడిగాను. "ఎందుకన్నా అట్ల చెప్పినావు? నేను గదా మోసింది."

"నువ్వు మోసినావు. నేను మూత తీసి సూడలా. నా తప్పు నాకుంది పాపా."

"అమ్మ చేసిందని చెప్తే ఆయన ఒప్పుకుంటాండె."

"ఆయన ఒప్పుకుంటాండె. అమ్మ? ఈ కాలు సూసినప్పుడల్లా ఏమనుకుంటాదో ఆలోచించు. దేవుడు కాపాడినాడనుకుంటే నిద్రపోతాది. తనే ఇరగ్గొట్టిందని తెలిస్తే నిద్రపోతాదా? నువ్వు చెప్పద్దు. ఎప్పటికీ." వాడు నవ్వబోయి, నొప్పికి ఆపుకున్నాడు. "నీ నోరు తెల్సి అడుగుతాండా. కష్టమే."

వాడి కాలు రెండంగుళాలు పొట్టిదైంది. పత్తి జిన్నింగు మిల్లులో ఇంజను చూసుకునే పనికి కుదిరి, గాలిలో దూది తేలే ఆ షెడ్డులోనే వయసంతా గడిపాడు. ఊళ్లో పిల్లలు కుంటి విమానం అనేవాళ్లు. పెద్దలు ఇంకా మర్యాదగా, రానిపని ఎందుకు పెట్టుకున్నావప్పా అనేవాళ్లు. వాడు తలూపేవాడు. రెక్కల బట్టను అమ్మ పారేయలేదు, మిద్దెమీద వడియాలు పెట్టడానికి వాడింది. అంగుళానికి ఎన్నని లెక్కపెట్టి కుట్టిన నా కుట్లమీద పదేళ్లపాటు గుమ్మడి వడియాలు ఎండాయి. స్వామి దేవుడి గూట్లో చేరాడు. ప్రతి శనివారం అమ్మ కాటుక కొత్తగా దిద్ది, వచ్చినవాళ్లందరికీ ఆ కథ చెప్పేది. కూరగాయల ఆమెకు, పోస్టుమానుకు, నన్ను చూసుకోడానికి వచ్చిన పెళ్లివారికి కూడా. మా అత్తగారు ఆ కథకు మెచ్చే నన్ను కోడలిగా ఒప్పుకుందని నా అనుమానం. నేను పక్కన కూర్చొని, నలుగురిలో ఏదో ఒక హాస్యం చేసి మాట మార్చేదాన్ని. నాకు హాస్యం రాసే మనిషని పేరొచ్చింది కదా, ఆ అలవాటు ఎక్కడ పడిందో ఇప్పటికి మీకు తెలిసింది.

ఆ రోజుల్లో నంద్యాల మీదుగా విమానం పోతే అంగళ్లు వదిలేసి జనం వీధిలోకి వచ్చేవాళ్లు. ఇప్పుడు పోతుంటే ఎవరూ తలెత్తరు. పోయినేడు ఒక సభకు నన్ను విమానంలో పిలిపించారు. నేల చప్పుడు ఆగిపోయే క్షణం కోసం కళ్లు మూసుకొని కాచుకున్నాను. ఎప్పుడు ఆగిందో తెలియనే లేదు. ఇంజను హోరు, పక్కసీటాయన గురక. తిరిగొచ్చాక చంద్రన్న, "ఎట్లుండె?" అన్నాడు. మేఘాల గురించి, కిటికీ గురించి గంటసేపు అల్లి చెప్పాను. వాడు అంతా విని, "అంతేనా" అన్నాడు.

అమ్మ ఆఖరి నెలలో మంచం దిగలేదు. ఒక పొద్దున చంద్రన్న మిల్లుకు పోయేముందు ఆమెకు జావ తాగిస్తున్నాడు. నేను కాళ్ల దగ్గర కూర్చొని ఉన్నాను. గ్లాసు పక్కకు తోసి వాడి కుడి తొడమీద చెయ్యి వేసింది అమ్మ.

"పెద్దోడా, ఒకటడుగుతా. ఆ పొద్దు నేను సామిని నెత్తిమీదికి మార్చకపోయింటే ఏమైతాండె?"

ఆమె అడిగింది సందేహంతోనా, ఆ మాట మరోసారి వినాలన్న ముచ్చటతోనా, ఆ ముఖంలో నాకు దొరకలేదు. వాడు గ్లాసు కింద పెట్టాడు. కొంగుతో ఆమె మూతి తుడిచాడు. తొందరపడలేదు.

"సచ్చిపోతాంటినిమా" అన్నాడు.

"అట్లనే అనుకుంటి" అంది అమ్మ. మిగిలిన జావ మొత్తం తాగింది.